మజ్జిగతో తప్పిన తొలి రోజా

నా చిన్నప్పుడు ఓసారి మిరప కోతల్లోనే రంజాన్ వచ్చింది. సత్తెనపల్లి పక్క మా పల్లెలో ఆ యేడే నేను మొదటిసారి రోజా పట్టాను. పిల్లలు తొలిసారి పొద్దంతా ఉపవాసం ఉంటే మావాళ్లకు అదొక చిన్న పెళ్లి. కొత్త పావడా కుట్టించారు, చేమంతి దండ తెప్పించారు, సాయంత్రానికి చుట్టాలను పిలిచారు. నీడపట్టున పడుకోమని అమ్మ చెబుతూనే ఉంది. నేను వింటేనా? రోజా పట్టానని ఊరంతా చూడొద్దూ! మా తాత వెంట మిరపకాయలు ఆరబోసిన కల్లానికి వెళ్లి, కూలీల మధ్య కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరడం మొదలుపెట్టాను.

మధ్యాహ్నం నమాజు వేళకు పెద్ద ఆరిందాలా లేచి వెళ్లి నీళ్లతొట్టి దగ్గర వజూకు కూర్చున్నాను. నమాజుకు ముందు చేతులూ నోరూ ముఖమూ కాళ్లూ కడుక్కోవాలి కదా. కాయలు ఏరినవాళ్లెవరైనా కడుక్కునే ముందు చేతులకు నూనె రాసి రుద్దుకుంటారు. నేను ఆ కారపు చేతులతోనే పుక్కిలించి, ముఖమంతా రుద్దేశాను. ఇక చూడాలి నా అవస్థ. కళ్లు, పెదాలు, ముక్కు భగ్గుమన్నాయి. కెవ్వుమన్నాను.

పక్క కల్లం అత్త మజ్జిగ చెంబుతో పరుగెత్తుకొచ్చింది. మా మతం కాకపోయినా నాకు ఆమె అత్తే. "ఓసి పిచ్చిదానా, మిరపకాయ చేతుల్తో మొహం కడుక్కుంటారటే!" అంటూ ముఖం మీద ఇంత పోసి, చెంబు నోటికి పెట్టింది. గటగటా తాగేశాను. రోజా గుర్తున్నా ఆ మంటకు ఆగలేకపోయాను. మంట తగ్గాక, రోజా పోయిందని ఏడుపు ఆగలేదు.

సంగతి తెలిసి అత్త కొయ్యబారిపోయింది. "అయ్యో బాబాయ్, నా చేతులారా పసిదాని ఉపవాసం చెడగొట్టానే" అని మా తాతతో మొత్తుకుంది. నేను ఆమె వంక కూడా చూడలేదు. దండ పోయె, పావడా పోయె అన్నదే నా గోల.

మా తాత ఒక్కపూట కూడా నమాజు తప్పని మనిషి. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "రోజాదేముందే, ఇంకోనాడు పడతావు. ముందు అత్త మొహం చూడు. ఇవాళ ఇంటికెళ్లి అన్నం తింటుందా?" అన్నాడు.

సాయంత్రం చుట్టాలందరి ముందూ నా రోజా తప్పిందని దాచకుండా చెప్పాడు. అత్తకు కబురంపాడు. రానంటే తానే వెళ్లి తీసుకొచ్చాడు. నాకని తెచ్చిన దండలోంచి మూరెడు తెంపి నా చేతికిచ్చి, ఆమె తలలో పెట్టమన్నాడు. పెట్టాను, ఉక్రోషంగానే. అత్త నన్ను దగ్గరకు లాక్కుని ఏడ్చేసింది. అప్పుడు నాకూ ఏడుపొచ్చింది, ఈసారి దండ కోసం కాదు. నా భక్తి పక్కవాళ్లకు బరువు కాకూడదన్న మాట అప్పుడే నా మనసులో పడింది.

ఇప్పుడు జాంబియాలో పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. మొన్నటి రంజాన్‌లో, కొత్తగా చేరిన టీచరమ్మ ఒకావిడ స్టాఫ్‌రూములో నాకని టీ కలిపి తెచ్చింది. నేను రోజాలో ఉన్నానని ఎవరో అనగానే ఆమె ముఖం చిన్నబోయింది. కప్పు వెనక్కి తీసుకుపోబోయింది. నేను కుర్చీ లాగి ఆమెను పక్కన కూర్చోబెట్టి, ఆ టీ తననే తాగమన్నాను. చివరి గుక్కదాకా వాళ్ల పిల్లల కబుర్లు అడుగుతూనే ఉన్నాను. ఆమె నవ్వుతూ లేచి క్లాసుకు వెళ్లింది. ఇన్నేళ్లుగా పట్టిన రోజాలన్నిటిలోకీ నాకు నిండుగా అనిపించింది అదే.