శాంతక్క వేలాడదీసిన మైకు

పొద్దున స్టూడియో తలుపు తీసి ఆంప్లిఫయర్ స్విచ్ వేయగానే వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. కొత్త పరికరాలకు ఆ వాసన ఉండదు. ఈ పాతది శాంతక్కది కాబట్టి దీనికి ఉంది. పెళ్లి పాటలూ దుకాణాల ప్రకటనలూ రికార్డు చేసుకుని బతుకుతున్నాను నేను. రోజంతా చెవులతోనే పని. అయినా పొద్దున్నే ముక్కుకు ఆ వాసన తగిలితే చాలు, బాన్సువాడ బస్టాండు వెనక సందులో ఆమె మైకుసెట్టు దుకాణం కళ్లముందుకు వస్తుంది. గుమ్మంలో చుట్టలు చుట్టిన వైర్లు, వాటి మధ్య ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీలో కూర్చుని ఫోన్లో ఎవరినో దబాయిస్తున్న శాంతక్క. ఆ తర్వాత టీ తాగితేగాని నాకు పని మీద మనసు పోదు.

భర్త పోయాక ఆమె దుకాణం ఎత్తేస్తుందని చుట్టాలంతా అనుకున్నారట. ఆమె మాత్రం చీర కుచ్చిళ్లు బిగించి దోపుకుని, నిచ్చెనెక్కి స్తంభానికి హారన్ స్పీకర్ కట్టడం నేర్చుకుంది. నేను డిగ్రీ అయ్యాక పనికోసం తిరుగుతూ ఆమె దగ్గర చేరాను. రికార్డింగ్ నేర్చుకున్నానని చెప్తే వెనక గది ఖాళీ చేయించి నాకు ఇచ్చింది. నా ల్యాప్‌టాప్‌ను మాత్రం చివరిదాకా "నీ డబ్బా" అనే పిలిచింది. ఆమె నోటికి జడిసి మానేద్దామనుకున్న రోజులున్నాయి. సాయంత్రానికి తనే పిలిచి వేడి మిర్చి బజ్జీలు ముందు పెట్టేది, ఇంక మానేయడం ఎట్లా?

మా వైపు పల్లెల్లో ఏటా హరినామ సప్తాహాలు జరుగుతాయి. ఏడు రోజులూ భజన ఆగకూడదు. పాడేవాళ్లు పూటలు పంచుకుంటారు. ఆ పూటనే పహరా అంటారు. ఎవరి పహరా అయితే వాళ్ల మెడలో వీణ ఉంటుంది. వీణంటే కచేరీల్లో ఒళ్లో పెట్టుకునేది కాదు, మెడకు తగిలించుకుని నిలబడి వేలితో మీటే సన్నని వాద్యం. సప్తాహం ముగిసేదాకా అది ఒక మెడలోంచి ఇంకో మెడలోకి మారాలే తప్ప నేలకు తగలకూడదు. నిజాంసాగర్ కాలువ పక్క ఊళ్లో ఒక సప్తాహానికి శాంతక్కతో మొదటిసారి వెళ్లాను. ఒక ముసలాయన గొంతు సరిగా వినపడడం లేదని నేను గబగబా వాల్యూమ్ పెంచాను. హారన్లు కూతపెట్టాయి. శాంతక్క నా చేతిమీద ఒక్కటి వేసింది.

"బటన్ జోలికి పోకు. మనిషిని జర ముంగటికి జరుపు" అంది.

అప్పట్లో నాకది మైకుసెట్టువాళ్ల చిట్కాలాగే అనిపించింది.

సప్తాహాలన్నింటిలో ఆమెకు ముగ్గురంటే ప్రాణం. బిచ్కుంద దగ్గరి పోశెట్టి తాత పాడితే పొలాల్లోవాళ్లు పని ఆపేసేవాళ్లు. మద్నూర్ విఠల్ మామది మృదంగం, మాట సగం తెలుగు, సగం మరాఠీ. హార్మోనియం భూమన్నది మా బాన్సువాడే. తల నెరవకముందు నుంచీ ఈ ముగ్గురూ కలిసి కూర్చుంటున్నారు. విడివిడిగా ఎవరి వ్యవసాయం వాళ్లది. అట్లాంటిది, ఒక వానాకాలం భూమన్న దుకాణానికి వచ్చి, పోశెట్టి తాత గొంతులో గడ్డ ఉందని, పంటకోతలయ్యాక హైదరాబాద్ దవాఖానలో కోస్తారని, ఆ తర్వాత మాట వస్తుందేమో గానీ పాట సంగతి చెప్పలేమన్నారని చెప్పాడు. శాంతక్క చేతిలోని వైరు చుట్ట పక్కన పెట్టింది. నావైపు తిరిగి, ముగ్గురితో కలిపి ఒక ఆల్బమ్ చేయాలని, అదీ కోతలకు ముందే కావాలని చెప్పింది.

పోశెట్టి తాతను ఒప్పించడానికి మేమిద్దరం వాళ్ల ఊరికి వెళ్లాం. తన పాటను డబ్బాలో పెట్టి ఏంచేస్తారని ఆయన నవ్వాడు. శాంతక్క నవ్వలేదు.

"అన్నా, రేపు నీ గొంతు ఎట్లుంటదో ఎవలకు ఎరుక? మాకు గీ పాట గావాలె. నీకోసం గాదు, మాకోసం రా" అంది.

ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, విఠల్ వస్తే తానూ వస్తానన్నాడు.

నేను నేర్చుకున్న పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టి, తర్వాత అన్నీ కలుపుదామని. పోశెట్టి తాత ఒక చరణం పాడి ఆగిపోయాడు. భజనలో ఒకరు అంటే మిగతావాళ్లు తిరిగి అందుకోవాలి. ఆయన ఆ అందుకునేవాళ్లకోసం చూస్తున్నాడు. గదిలో నేనూ ఫోమ్ అంటించిన గోడలూ తప్ప ఎవరూ లేరు. విఠల్ మామదీ అదే కథ. పాడేవాడి ముఖం చూడకుండా దరువు ఎక్కడ మార్చాలో చేతికి తోచదన్నాడు. హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి పోశెట్టి తాత మెల్లగా అడిగాడు.

"గోడకు పాడమంటున్నవా బిడ్డా?"

శాంతక్క మర్నాడు చాపలు తెప్పించింది. ఫ్యాను విప్పించి ఆ కొక్కేనికి ఒకే ఒక్క మైకు వేలాడదీసింది. దానికింద ముగ్గురినీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఇంక చూడు అన్నట్టు నావైపు చూసింది. పాట మొదలైంది. గొప్పగా ఉంది. తీరా వింటే హార్మోనియం తప్ప ఏమీ లేదు. ఏం జరిగిందంటే, విఠల్ పక్కనుండగా తాను మైకుకు దగ్గరగా ఉండడం బాగుండదని పోశెట్టి తాత కాస్త వెనక్కి జరిగాడు. పెద్దాయన జరిగాక తాను ముందుండడం ఏమిటని విఠల్ మామ మృదంగంతో సహా ఇంకాస్త జరిగాడు. అట్లా మర్యాదలు చేసుకుంటూ పాట ముగిసేసరికి ఇద్దరి వీపులూ గోడకు తగిలాయి. హార్మోనియం బరువు కాబట్టి భూమన్న ఒక్కడే ఉన్నచోట ఉన్నాడు. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. ఈసారి భూమన్న కూడా సిగ్గుపడి పెట్టెను ఈడ్చుకున్నాడు. శాంతక్క బతిమాలింది, కసిరింది, చాపల అంచులు పట్టుకుని లాగింది. ముందుకు రమ్మంటే నువ్వు రా అంటే నువ్వు రా అని వాళ్లలో వాళ్లే. ఆమెకూ ఏం చేయాలో పాలుపోలేదు. పోశెట్టి తాత గొంతు అప్పటికే రోజూ సాయంత్రానికి బొంగురు పోతోంది. ఈ పని కాదేమోనని నాకు నిజంగా భయం వేసింది.

విఠల్ మామే దారి చూపాడు.

"అరే బాబా, మెడల వీణ లేకుంట ముంగటికి ఎట్ల వస్తం? గట్ల వస్తే తప్పు గాదా?" అన్నాడు.

మేం ముఖాలు చూసుకున్నాం. సప్తాహంలో ముందు నిలబడేది మనిషి గొప్ప కాదు, వీణ గౌరవం. అది మెడలో పడితే ఎంత బిడియస్తుడైనా ముందుకు రావాల్సిందే. శాంతక్క ఆ మధ్యాహ్నమే విఠల్ మామను బండి మీద ఎక్కించి మద్నూర్ పంపి, వాళ్ల మందిరంలోని వీణను తెప్పించింది. తెల్లారి పోశెట్టి తాత మెడలో వేసింది. ఆయన నేరుగా మైకు కిందికి వచ్చి నిలబడ్డాడు. మిగతా ఇద్దరూ ఆయన చుట్టూ సర్దుకున్నారు. పాట అయ్యాక వీణ భూమన్న మెడలోకి మారింది, పోశెట్టి తాత వెనక్కి తగ్గి తాళాలు అందుకున్నాడు. విఠల్ మామ పాడిన మరాఠీ భజన పాటలో, అభంగంలో, మృదంగం లేదు, మృదంగం వాయించేవాడే వీణ మోస్తున్నాడు మరి. నేను ఒక్క బటన్ ముట్టుకోలేదు. వాళ్లే వస్తూ పోతూ గొంతులను సరిచేసుకున్నారు.

ఒక్కటే చిక్కు. వీణ మెడకెక్కాక పాటలన్నీ అయ్యేదాకా దింపడానికి లేదు. భోజనాల వేళ ముగ్గురూ కూర్చోగానే శాంతక్క గొణుక్కుంటూ దాన్ని తన మెడలో వేసుకుంది. తనకు పాట రాదని జీవితమంతా చెప్పుకున్న మనిషి, నిలబడి సన్నగా నామం చెప్తూనే ఉంది. రికార్డింగ్ ఆపలేదన్న సంగతి ఆమెకు తెలియదు. తర్వాత వినిపిస్తే బండబూతులు తిట్టింది గానీ, తీసేయమని మాత్రం అనలేదు. ఆల్బమ్‌లో రెండు పాటల మధ్య, గిన్నెల చప్పుడు వెనక నుంచి ఆ గొంతు వినిపిస్తుంది. ఆ రోజు నేనెంత సంతోషంగా ఉన్నానో ఇప్పుడు చెప్పినా తక్కువే.

మద్నూర్ మీదుగా పోయే లారీల్లో కూడా ఆ పాటలు మోగాయి. పోశెట్టి తాతకు ఆపరేషన్ అయింది. మనిషి నిలబడ్డాడు. గొంతు మాత్రం గుసగుసగా మిగిలింది. మరుసటి ఏడు వాళ్ల ఊరి సప్తాహంలో ఆయన పహరా వచ్చేసరికి, చేయి అడ్డంగా ఊపి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆల్బమ్ పెట్టుకోండి, అందులో నేనున్నాగా అన్నట్టు నావైపు చూపించాడు. నాకూ అదే మంచిదనిపించి ఫోన్ తీశాను. శాంతక్క నా చేయి పట్టుకుని ఆపింది. వీణ తీసుకుని నేరుగా ఆయన దగ్గరికి వెళ్లింది.

"డబ్బాల ఉన్నది పోయిన ఏటి పోశెట్టన్న. గీ ఏటి పహరా నీదే. లే అన్నా" అంది.

ఆయన లేచాడు. వీణ మెడలో వేసుకుని వచ్చి నిలబడ్డాడు. శాంతక్క మైకును ఆయన పెదవులకు ఆనించినంత దగ్గరగా పెట్టింది. తర్వాత మిగతావాళ్ల దగ్గరికి వెళ్లింది. భూమన్న హార్మోనియాన్ని పందిరి చివరికి జరిపించింది. విఠల్ మామను వేళ్ల కొసలతో మాత్రమే వాయించమంది. తాళాలవాళ్లను ఆపేసింది. గాలిపంకాలు ఆపేయించింది. పోశెట్టి తాత గుసగుసగా ఒక చరణం అని ఆగాడు, ఎప్పటిలాగే అందుకునేవాళ్లకోసం చూశాడు. ఊరు ఊరంతా గొంతు తగ్గించి, ఆయన అన్నంత మెల్లగానే దాన్ని తిరిగి అంది. ఆయన కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. పాట ఆపలేదు. విఠల్ మామ తల వంచుకుని వాయిస్తూ మరాఠీలో తనలో తానే ఏదో అనుకున్నాడు.

శాంతక్క పోయి రెండేళ్లు దాటింది. పోశెట్టి తాత ఇప్పటికీ ఏటా తన పహరా నిలబడతాడు. మైకు నేనే పెడతాను. నా స్టూడియోకి పాడడానికి వచ్చే పిల్లల్లో, నలుగురిలో ఒకరి గొంతు ఎప్పుడూ చిన్నగానే ఉంటుంది. గట్టిగా పాడమని వాళ్లకు చెప్పడం నేను మానేశాను. మిగిలిన ముగ్గురినీ కాస్త వెనక్కి జరగమంటాను.