కల్లంలో తెల్లచీరలు

సంఘ పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు ప్రభువు పేరిట వందనాలు. నా పేరు రమాదేవి, మాది ప్రత్తిపాడు దగ్గర మిరప పండించే పల్లె. నాకిలా నిలబడి మాట్లాడటం అలవాటు లేదు, తడబడితే నవ్వుకోండి గానీ విన్నాక మాత్రం దేవునికే మహిమ చెల్లించండి!

నిరుడు మిరప కోతల రోజుల్లో మావారు పొలం నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని, ముద్ద నోటిదాకా తీసుకెళ్ళలేక పక్కకు ఒరిగిపోయారు. కుడి చెయ్యి, కుడి కాలు, ఆఖరికి మాట కూడా పడిపోయింది. గుంటూరు ఆసుపత్రిలో చేర్పించాం. నోరు తెరిస్తే ఊరంతా వినపడే మనిషి, నా వంక చూస్తూ నా పేరు కూడా పలకలేకపోతుంటే, సహోదరులారా, నా గుండె చెరువైపోయింది! కొన్నాళ్ళు చూద్దాం అన్నారే గానీ తగ్గుతుందని ఒక్క డాక్టరూ అనలేదు. అక్కడ ఆయన పరిస్థితి అది, ఇక్కడ మా ఏడాది కష్టమంతా ఎర్రగా కల్లంలో ఆరబోసి ఉంది, చూసుకునే మనిషి లేడు.

ఇక్కడ ఎస్తేరమ్మ గురించి చెప్పాలి. మా పొలంలో ఏళ్ళ తరబడి కాయ కోసే ఆడవాళ్ళ ముఠాకు ఆమే మేస్త్రి. కాయ ఎంత ముదిరిపోతున్నా, ఎవరు ఎంత బతిమాలినా ఆమె ముఠా ఆదివారం పనిలోకి దిగదు. శనివారం సాయంత్రం మావారు "ఏంటి ఎస్తేరమ్మా, మీ దేవుడు రేపొక్క పూట సెలవివ్వడా?" అని ఆటపట్టిస్తే, "ఆయన ఇచ్చిందే సెలవండీ అయ్యగారూ!" అని నవ్వేసేది. అన్నేళ్ళలో మాకు ఒక్క వాక్యం బోధించింది లేదు. ఘాటుకు చేతులు మండుతున్నా పొద్దు వాలేదాకా ఒళ్ళు వంచి కోసేది, మేం గట్టున లేకపోయినా అలాగే కోసేది.

ఒక ఆదివారం పొద్దున ఆసుపత్రికి మా తోడికోడలు ఫోన్ చేసి, "అక్కా, మబ్బు కమ్ముకొచ్చేసింది! మీ మరిది మా కల్లం దగ్గరే అవస్థ పడుతున్నాడు, మీ కాయ కప్పే దిక్కు లేదు" అని ఏడ్చింది. మబ్బు పడితే ఎవరి కల్లానికి వాళ్ళు పరిగెత్తాల్సిందే, ఆమెను ఏమనగలను? తడిస్తే కాయ బూజు పట్టిపోతుంది. వరండాలో గోడకు ఆనుకుని నా జీవితంలో మొదటిసారి ప్రార్థన చేశాను. "ఎస్తేరమ్మ వాళ్ళ దేవుడా, నిన్నెలా పిలవాలో నాకు తెలియదు, కాయ పోతే పోనీ, ఈ మనిషిని మాత్రం నాకు దక్కించు!"

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ మోగింది. "అక్కా, చర్చి నుంచి తిన్నగా మీ కల్లానికే వచ్చారు వాళ్ళంతా!" అంది మా తోడికోడలు. ఆకాశం నల్లబడటం చూసి పాస్టరుగారే ప్రసంగం ఆపి, "ఆ ఇంటి మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు, మిగతా ఆరాధన వాళ్ళ కల్లంలో చేద్దాం, పదండమ్మా" అన్నారట! ఆదివారానికని పెట్టెలో దాచుకునే తెల్లచీరలతోనే ఆ ఆడవాళ్ళు కొంగులు బిగించి, కాయంతా రాశిగా లాగి, పట్టలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టి, చుట్టూ కాలవ తీశారు, అప్పుడు పడింది వాన! చీరలన్నీ నల్లరేగడి బురదే. మా మరిది కూలి ఇవ్వబోతే ఎస్తేరమ్మ, "ఆదివారం మేం కూలికి రామండీ, మీకు తెలిసిందేగా" అందట!

ఆ తర్వాత ఆమె బస్సెక్కి ఆసుపత్రికి వచ్చి, మావారిని అడిగి, ఆయన తలూపాకే ఆ పడిపోయిన చెయ్యి పట్టుకుని ప్రార్థించింది. మెల్లమెల్లగా మాట తిరిగింది, కాలు కదిలింది, కర్ర సాయంతో ఇంటికి నడిచొచ్చారు. మందులిచ్చిన డాక్టర్లకు కృతజ్ఞతలు, ఆ మందులకు ఫలమిచ్చిన దేవునికి స్తోత్రం! అంత మంచి ఎందుకు చేశావని ఎస్తేరమ్మను అడిగితే, "మా ప్రభువు మాకట్లా చేశాడమ్మా, అంతే" అంది. ఆ ప్రభువు ఎవరో తెలుసుకుందామని నేనే ఆమె వెంట ఈ మందిరానికి వచ్చాను, నన్నెవరూ లాక్కురాలేదు.

మావారు ఇంకా లోపలికి రారు. నాతో ఆటోలో వచ్చి బయట బెంచీ మీద కూర్చుంటారు, నేనూ తొందరపెట్టను. అయితే మొన్న మళ్ళీ మబ్బు పట్టింది. మా పక్క పొలం రైతు చీరాల పెళ్ళికి వెళ్ళాడు. గట్టు తగాదాతో ఆయనకూ మాకూ ఎన్నో ఏళ్ళుగా మాటల్లేవు. మా కాయ కప్పడం అయిందో లేదో మావారు కర్ర పోటేసుకుంటూ గట్టు దాటి, ఆయన కల్లంలో పట్ట కొస పట్టుకున్నారు. "ఇదేంటండీ, వాళ్ళతో మనకు మాటల్లేవుగా?" అన్నాను. ఇంకా కొంచెం ముద్దగా వచ్చే ఆ గొంతుతోనే, "మాట్లాడమన్నానా? ఆ రెండో కొస పట్టుకో!" అని కసిరారు.

పట్టుకున్నాను సహోదరులారా, సంతోషం ఆపుకోలేక ఏడుస్తూ పట్టుకున్నాను! బయట బెంచీ మీద కూర్చునే మనిషి గుండెలోకి నా దేవుడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఆయనను నమ్ముకోండి, మీ ఇంటికీ వస్తాడు. ఆయనకే మహిమ, ఆమేన్.