పై అరలో తెల్ల బూట్లు

"...బైబిలు కింది అరల, బూట్లు మీది అరల. నేను వెట్టిన్నా? అడుగు నీ కొడుకునే."

"ఎవలు వెట్టిన్రని కాదు నేనడిగేది. ఎవలియని అడుగుతున్న."

"ఎవలో దోస్తుయంట."

"ఏ దోస్తు? దోస్తుకు పేరు లేదా?"

దయానంద్ గడప అవతలే ఆగిపోయాడు. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడు. ఒక బూటు విప్పి చేత్తో పట్టుకున్నాడు, రెండోది కాలికే ఉంది. తల్లి పూలమ్మ గొంతులో విసుగు ఉంది. తండ్రి రాజన్న గొంతు మాత్రం ఎప్పటికన్నా తగ్గి వినిపిస్తోంది. కోపం పెరిగేకొద్దీ రాజన్న గొంతు తగ్గుతుంది. ఆ ఇంట్లో అది అందరికీ తెలిసిన సంగతే.

అల్మారాలో బూట్ల పెట్టెను పై అరలో పెట్టింది దయానందే. ఎలుకలు కొరుకుతాయని పెట్టాడు. కింద బైబిలు ఉందని ఆ క్షణంలో తోచలేదు. ఇప్పుడు లోపలికి వెళ్లి ఆ బూట్లు ఎవరివో చెప్పాలి. చెబితే ఏమవుతుందో తెలియదు. మూడు రోజులుగా అతనికి ఏదీ తెలియడం లేదు.

బాన్సువాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో దయానంద్ కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరు. ఇరవై ఏడేళ్లు. పొద్దంతా రైతుల పేర్లు, సర్వే నంబర్లు కొడతాడు. అధికారి గది బయట ఎప్పుడూ చెప్పుల కుప్ప ఉంటుంది. విప్పి రమ్మని ఎవరూ బోర్డు పెట్టలేదు, అయినా విప్పే వెళతారు. వార్లు తెగి పిన్నీసులు పెట్టినవి, మడమ దగ్గర అరిగి చిల్లు పడినవి. ఆ కుప్పను దాటుకుంటూ దయానంద్ తెల్లటి బూట్లతో లోపలికి వెళతాడు. ఆ బూట్లను వారానికి రెండుసార్లు పాత పళ్ల బ్రష్షుతో తోముతాడు. రోడ్డు మీద వడ్లు ఆరబోసిన రోజుల్లో దుమ్ము పడకుండా బండిని పక్క వీధుల నుంచి తిప్పుకొని వస్తాడు.

హిప్ హాప్ పాటల పిచ్చి అతనికి డిగ్రీ రెండో సంవత్సరంలో పట్టుకుంది. బస్టాండు దగ్గరి మొబైల్ దుకాణంలో మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించమంటే, ఆ దుకాణం వాడు ఏవో ఇంగ్లిషువి కూడా ఎక్కించాడు. మాటలు సగం అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కటే. పాడేవాడు మొదట తన పేరు చెబుతున్నాడు, తర్వాత తన వీధి పేరు చెబుతున్నాడు. అడగకుండానే, గట్టిగా చెబుతున్నాడు. ఇల్లెక్కడని ఎవరైనా అడిగితే దయానంద్ అప్పటిదాకా చెప్పిన జవాబు "చర్చి వెనక" అని. వాడకట్టు పేరు నోటి దాకా వచ్చి అక్కడే ఆగేది. తన వీధి పేరును పాటలో మొదటి మాటగా పెట్టుకున్న మనుషులు ఈ లోకంలో ఎక్కడో ఉన్నారన్న సంగతి అతన్ని చాలా రోజులు నిలవనీయలేదు.

ఆ మనుషుల కాళ్లకు బూట్లుండేవి. మురికి గల్లీలో నిలబడ్డా మచ్చ లేని బూట్లు. పాట కన్నా ముందు ఆ బూట్లే అర్థమయ్యాయని దయానంద్ అంటాడు. ఎందుకు అర్థమయ్యాయో మాత్రం చెప్పలేడు.

చెప్పలేకపోవడానికి కారణం ఇంట్లోనే ఉంది. రాజన్న నస్రుల్లాబాద్ దగ్గరి ఊళ్లో పాతికేళ్లు చెప్పులు కుట్టాడు. పదిహేనేళ్ల కింద ఆ పని విడిచిపెట్టి, సంసారాన్ని బాన్సువాడకు తెచ్చి, ఒక గోదాములో కావలికి కుదిరాడు. తోలును గుచ్చే ఆరె, మైనం ముద్ద, దారపు కండెలు గోనె సంచిలో కట్టి అటక మీద పడేశాడు. కొడుకు చిన్నప్పుడు ఒకసారి ఆ ఆరె పట్టుకుంటే చెంప మీద కొట్టాడు. రాజన్న కొడుకును కొట్టింది అదొక్కసారే. అందుకే చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టి కూడా దయానంద్‌కు ఆరె ఎలా పట్టుకోవాలో తెలియకుండా పోయింది.

కిందటి నెల అతను హైదరాబాదులో ఒకడి దగ్గర, అప్పటికే వాడేసిన ఎరుపూ నలుపూ బూట్ల జత కొన్నాడు. పది రోజులకు ఒక బూటు అడుగు నోరు తెరిచింది. గమ్ము పెట్టాడు, నిలవలేదు. బస్టాండు దగ్గర కుట్టేవాడు దూరపు చుట్టమే, కానీ అతని ముందుకు వెళ్లి కాలు చాపడానికి మనసు రాలేదు. ఫోనులో వెతికితే ఒక విదేశీయుడు కనిపించాడు. మెడ దాకా పచ్చబొట్లు, వెనక హిప్ హాప్ సంగీతం. బూటు అడుగుకు కుట్టు వేస్తున్నాడు. కింద లక్షల మంది అతన్ని కళాకారుడని పొగుడుతున్నారు. వాడి చేతిలో ఉన్నది అచ్చంగా అటక మీది బాపు ఆరే.

దయానంద్ ఆ వీడియో ఆరుసార్లు చూశాడు. తండ్రి డ్యూటీకి వెళ్లిన రోజు అటక ఎక్కాడు. వేలికి రెండు గాట్లు పడ్డాయి గాని కుట్టు పడింది. ఫోటో తీసి స్టేటస్ పెట్టాడు. హైదరాబాదులో బూట్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లు మెచ్చుకుంటూ నిప్పు బొమ్మలు పంపారు. పక్కింటి భాగ్య పూలమ్మను చాటుగా పిలిచి, పిలగాని నౌకరి పోయిందా అక్కా అని అడిగింది.

ఆ స్టేటస్ చూసి మూడో రోజు సంపత్ వచ్చాడు.

సంపత్ డిగ్రీలో వెనక బెంచీ స్నేహితుడు. ఇద్దరూ ఒకే ఇయర్ ఫోన్లో చెరొకటి పెట్టుకొని పాటలు విన్నారు. ఇద్దరూ కలిసి తమ యాసలోనే పాటలు రాస్తారు, నిజాంసాగర్ కాలువ గట్టు మీద కూర్చుని ఫోనులో రికార్డు చేస్తారు. ఒకే ప్లేటులో బిర్యానీ తిన్నారు. రాజన్న చెప్పులు కుట్టిన ఊళ్లో పటేళ్ల ఇల్లు సంపత్‌దే. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పాటలో ఒకరినొకరు బ్రో అని పిలుచుకున్నాక ఇంకేం మాట్లాడతారు.

సంపత్ ఎప్పటిలాగే మూల మీది కిరాణా దుకాణం దగ్గర బండి ఆపి ఫోన్ చేశాడు. పదేళ్లలో ఆ మూల దాటి ఇంటి దాకా రాలేదు. గల్లీ ఇరుకని రాలేదో, మరెందుకో. రమ్మని దయానంద్ పిలవనూ లేదు.

"బ్రో, కడిగి డాబా మీద ఎండకు వెట్టిన, గమ్ము మొత్తం ఇడిసింది. నువ్వైతెనే సెట్ జేస్తవ్," అంటూ పెట్టె చేతిలో పెట్టాడు. తెల్ల జత. దయానంద్ ఎన్నాళ్లుగానో కళ్లతో చూసి ఊరుకున్న జత. బండి తిప్పుకుంటూ సంపత్ నవ్వి ఇంకో మాట అన్నాడు. "కోతలైనయి గదా, కొత్త బియ్యం పంపిస్త తియ్యి."

దయానంద్ సరే అన్నాడు. ఇంటికి నాలుగడుగులు వేశాక ఆ మాట లోపల తిరగడం మొదలుపెట్టింది.

పొలం ఉన్న ఏ స్నేహితుడైనా కొత్త బియ్యం పంపిస్తాడు. ఆఫీసులో అటెండరు నర్సింలు కూడా ఒకసారి పంపాడు, వండుకొని తిన్నారు. కానీ చెప్పులు కుట్టినందుకు ఊళ్లో బాపుకు ఎవరూ డబ్బులిచ్చేవారు కాదు. కోతలయ్యాక కల్లం దగ్గరికి వెళ్లి, అందరి వాటాలు పోయేదాకా దూరంగా నిలబడితే, చివర్లో పరిచిన దుప్పట్లో ఇన్ని వడ్లు పోసేవారు. ఆ దుప్పటి ఒక అంచు పట్టుకున్నది దయానందే. అప్పటికి ఏడెనిమిదేళ్లు. పోసిన చేతులు సంపత్ వాళ్ల తాతవి.

సంపత్‌కు అది గుర్తుండి అన్నాడా? గుర్తుంటే ఆ మాట అనేవాడా? అసలు చూశాడా? అడగాలంటే ఏమని అడగాలి? కుట్టి ఇస్తే బాపు విడిచిపెట్టిన పనిలోకి తాను తిరిగి వెళ్లినట్టు. కుట్టనంటే, ఏమీ ఎరగని స్నేహితుణ్ణి పట్టుకొని పటేలును చేసినట్టు. ఆ పచ్చబొట్ల మనిషి చేస్తే కళ అయినది ఈ గల్లీలోకి రాగానే ఏమవుతుందో దయానంద్‌కు అంతుపట్టలేదు. పెట్టె అల్మారాలో పెట్టాడు. మూడు రోజులు తెరవలేదు.

ఇప్పుడు రెండో బూటు కూడా విప్పి లోపలికి వచ్చాడు. రాజన్న పెట్టెను చాప మీద పెట్టుకొని కూర్చున్నాడు.

"సంపత్‌యి బాపూ."

"ఏ సంపత్?"

"పటేళ్ల సంపత్. మనూరోడే."

పూలమ్మ చేతిలో ఉన్న గిన్నెతో వంటింట్లోకి వెళ్లింది. రాజన్న మూత తీసి ఒక బూటు బయటికి తీశాడు. తిప్పి చూశాడు. బొటనవేలు తనంతట తానే అడుగు అంచు వెంట నడిచి, విడిపోయిన చోట ఆగింది. తిరిగి పెట్టెలో పెట్టేశాడు.

"గివి కాదు. నువ్వు కుట్టినయి తే."

దయానంద్ ఎరుపూ నలుపూ బూటు తెచ్చి ఇచ్చాడు. రాజన్న దాన్ని దీపం దగ్గరికి జరిపి చాలాసేపు చూశాడు. ఎవరు నేర్పారని అడిగాడు. ఫోనులో చూశానని చెప్పాడు దయానంద్.

"దారానికి మైనం రుద్దాలెనని చెప్పలేదా గా ఫోన్ల మనిషి? కుట్టు గాడిలకు దిగాలె. గిట్ల పైన తేలితే నేలకు రాసుకొని వానల్లోపట తెగుతది." బూటు కొడుకు చేతికిచ్చి, "సంచి తే," అన్నాడు.

దయానంద్ తడబడ్డాడు. ఏ సంచి అని అడగబోయి మానుకున్నాడు.

"వారం సంది తెలుసు. అటక మీది సంచికున్నది నా ముడి కాదు," అన్నాడు రాజన్న.

సంచి వచ్చింది. చెంపదెబ్బ పడుతుందేమోనని ఇరవై ఏడేళ్ల మనిషి ఒక్క క్షణం అనుకున్నాడు. పడలేదు. పోనీ, తండ్రే కుట్టి చూపిస్తాడేమోనని బూటు ముందుకు చాపాడు. రాజన్న చేతులు మోకాళ్ల మీద నుంచి కదల్లేదు.

"నేను కుట్ట. కుట్టనని వచ్చిన, ఇగ కుట్ట. నువ్వే ఇప్పి, నువ్వే కుట్టు. నేను జూస్త."

దయానంద్ పాత కుట్టు విప్పాడు. దారానికి మైనం రుద్దాడు. ఆరె పిడి నున్నగా, తండ్రి అరచేతి ఆకారంలో అరిగిపోయి ఉంది. తన చేతికి సరిగ్గా కుదరలేదు. రాజన్న ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. కొంచెం కిందికి అనో, గుంజు అనో, అంత గుంజకు అనో చెబుతూ పోయాడు. మధ్యలో, మీ పాటలల్ల ఏం జెప్తరు అని అడిగాడు. ఎక్కడి నుంచి వచ్చామో చెబుతారని దయానంద్ అన్నాడు. చెబితే ఏమవుతుందని రాజన్న అడిగాడు. ఎగతాళికి అడిగినట్టు లేదు, తెలుసుకుందామనే అడిగినట్టుంది. దయానంద్ దారం గుంజి ఇంకో కుట్టు వేశాడు.

సగం కుట్టు అయ్యాక రాజన్న పెట్టె వైపు చూశాడు. సంపత్ వాళ్ల తాతకు కిర్రు చెప్పులు కుట్టి ఇచ్చిన సంగతి చెప్పాడు. పటేలు వస్తుంటే ఆ కిర్రుమనే చప్పుడు రెండు వాడల అవతలికి వినబడేదట. దొడ్డి తలుపు దగ్గర పెట్టి వచ్చేవాడట. తన జీవితంలో తాను కుట్టిన వాటిలో అంత మంచి జత ఇంకొకటి లేదని కూడా అన్నాడు. అది బాధతో అన్నాడో, గొప్పగా అన్నాడో దయానంద్‌కు తెలియలేదు.

"గీటికేమిస్తనన్నడు ఆ పిలగాడు?"

"కొత్త బియ్యం పంపిస్తనన్నడు."

రాజన్న నవ్వాడు. మొదట చిన్నగా, తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు. పూలమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, కొడుకును ఏమైందని కళ్లతోనే అడిగింది. దయానంద్ తెలియదన్నట్టు తల ఊపాడు.

"నవ్వుతవేంది బాపూ?"

"ఏం లేదు. వడ్లకాడి నుంచి బియ్యం దాక వచ్చినం." కళ్లు తుడుచుకున్నాడు. "ఆడు నీకు దోస్తా, పటేలా?"

"తెలుస్తలేదు."

"నాకు సుత తెల్వది. నువ్వు కుట్టు."

చివరి కుట్టు ముడి వేసి దయానంద్ బూటును తండ్రికి ఇచ్చాడు. రాజన్న అడుగును రెండు చేతులతో వంచి చూసి, బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. పక్కన పెట్టి, చేతులు కడుక్కోవడానికి లేచాడు.

ఫోను మోగింది. సంపత్. దయానంద్ స్పీకరు నొక్కాడు, చేతులకు మైనం ఉంది.

"బ్రో, అయినయా? మూల మీదికొచ్చి తీస్కుంట. ఎల్లుండి కామారెడ్డిల పెండ్లున్నది."

రాజన్న నీళ్ల బిందె దగ్గర చెంబు పట్టుకొని నిలబడ్డాడు. పూలమ్మ గిన్నె కడగడం ఆపింది.

దయానంద్ తెల్ల జతను పెట్టెలో పెట్టి మూత వేశాడు. దాని మీద ఆరె పెట్టాడు.

"కాలే. నేను కుట్టను. పెండ్లికి వేరే బూట్లేసుకొని పో. ఆదివారం చర్చి అయినంక మా ఇంటికి రా. మూల మీద ఆగకు, లోపటికి రా. ఆరె ఇస్త, నువ్వే కుట్టు. నేను జూస్త."