మూడూళ్ల పాటల పెద్దమ్మ

“అబ్బీ, పెద్దమ్మ పోయిందిరా,” అని మా జట్టు హార్మోనియం తాత ఫోన్ చేసినప్పుడు నేను చేలో ఉన్నాను. నమ్మలేదు. “ఎవరు చెప్పినారు? నువ్వు కండ్లారా చూసినావా?” అని అడిగాను. “ఎవరో చెప్పేదేముండాదిరా, నేను ఆమె మంచం పక్కనే కూర్చోనుండా,” అని తాత ఏడ్చాడు. అప్పుడు నమ్మాను. ఏ మాటనైనా నాలుగు వైపులా తిప్పి చూసి గానీ నమ్మకూడదని నాకు నేర్పింది ఆమే. ఆ నేర్పును చివరికి ఆమె చావు కబురు మీదే వాడాల్సి వచ్చింది.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. ధర్మవరంలో పట్టుచీరలకు కుచ్చులు కట్టి బతికిన మనిషి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. మిగతా సాయంకాలాలు చేతిలో తాళాలు పట్టుకుని, మా చిన్న జట్టును ఆటోలో ఎక్కించుకుని, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో జరిగే సువార్త సభలకు బయలుదేరేది. హార్మోనియం మీద రైల్వేలో రిటైరైన తాత, పాడటానికి ఇద్దరు అక్కలు, డోలక్ మీద నేను. అందరికీ ఆమె పెద్దమ్మే. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు.

నేను వాళ్ల మతంవాణ్ణి కాదు. పెనుకొండ దగ్గర వాన మీద ఆధారపడిన పల్లె మాది. గొర్రెలు, కాస్త శెనక్కాయ చేను. మా ఊరి భజనలో డోలక్ కొడుతుంటే, బస్సు కోసం నిలబడిన పెద్దమ్మ విని నేరుగా గుంపులోకి వచ్చి, “ఎవరప్పా డోలక్ కొడతాండేది?” అని అడిగింది. మరుసటి వారం మా ఇంటికే వచ్చేసింది. మా అవ్వకు గుండెల్లో రాయి పడింది. “తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారురా. ఆమెతో పోతే ఊరు ఏమనుకుంటాదో ఎరికేనా?” అని నన్ను లోపలికి లాక్కుపోయి తిట్టింది.

పెద్దమ్మ ఏమీ విననట్టు పంచలో చతికిలబడి, అవ్వ ముందున్న చేటలో శెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టింది. “అవ్వా, నాకు మీవాని చేతులు మాత్రమే కావల్ల. వాని నొసటి బొట్టు జోలికి నేను పోను,” అంది. అవ్వ ఆమెను పైనుంచి కిందికి చూసి, “మాటలు బాగుండాయి. మనిషిని చూడల్ల ఇంగ,” అంది. పెద్దమ్మకు ఆ జవాబు ఎంత నచ్చిందో చెప్పలేను. “మీ అవ్వను కూడా జట్టులో చేర్చుకుంటే బాగుండురా. ఎవురినీ నమ్మదు,” అని నన్ను సభకు తీసుకుపోతూ దారి పొడుగునా నవ్వింది. అవ్వ ఆ అనుమానాన్ని ఏళ్ల తరబడి కాపాడుకుంది. పెద్దమ్మ ప్రతి క్రిస్మస్‌కూ కేకు పంపేది. అవ్వ ముందు ఒక ముక్క కోడికి వేసి, అది తిరుగుతోందని చూసుకుని తర్వాత తను తినేది.

ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమనే రకం కాదు పెద్దమ్మ. ఏ పల్లెకు పోయినా ముందుగా స్టేజీ ఎక్కేది కాదు. జనం వెనకాల గోడకు ఆనుకుని కాసేపు నిలబడేది. మైకులో మాట అంతదూరం తెలుస్తోందా, ముసలివాళ్లు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు కూలి నుంచి అప్పుడే వచ్చారు, అన్నీ చూసుకునేది. పిలిచినవాళ్లు భోంచెయ్యమంటే పాట అయ్యాకే అనేది. “ముందే తింటే వాళ్లు చెప్పిన పాట పాడల్ల. పాడినాక తింటే మన పాటకు వాళ్లు పెట్టినట్టు,” అని ఆమె వాదన. ఎవరైనా వచ్చి “శానా బాగా పాడినావమ్మా” అంటే, “ఏ పాటప్పా?” అని అడిగేది. వాళ్లలో చాలామంది నీళ్లు నమిలేవాళ్లు. అప్పుడు నా వైపు తిరిగి కన్నుగీటేది.

ఒకసారి నల్లమాడ దగ్గర ఒక పల్లెకు పోయాం. శెనక్కాయ పీకే రోజులు. చేను నుంచి వచ్చిన ఒక ముసలామె కాళ్లయినా కడుక్కోకుండా ముందు వరసలో కూర్చుని, పల్లవి అందుకోబోయింది. గొంతు నిండా దుమ్ము. దగ్గు తెర వచ్చింది. పెద్దమ్మ తాళాలు ఆపి, చెయ్యెత్తి మమ్మల్నీ ఆపింది. ముసలామె నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, సిగ్గుపడుతూ తలాడించేదాకా పాట అక్కడే నిలబడిపోయింది. తర్వాత హార్మోనియం శ్రుతి ఒక మెట్టు దించమని తాతకు సైగ చేసి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. ముసలామె ఈసారి అందరికంటే గట్టిగా పాడింది.

వినడానికి బాగుంటుంది గానీ, ఇలా అయితే సభ టైముకు ముగుస్తుందా? ఏనాడూ ముగియలేదు. పాస్టర్లు వాచీ చూసుకునేవాళ్లు. దూరపు ఊళ్లవాళ్లు ఒకసారి పిలిచి, మళ్లీ పిలిచేవాళ్లు కాదు. ఈ మూడు ఊళ్లు దాటి మేము పోలేకపోవడానికి కారణం ఇదేనని నేను విసుక్కునేవాణ్ణి. విసుగు కింద అనుమానం ఒకటి ఉండేది. పెద్ద ఊళ్లకు పోతే తన పస ఎంతో తేలిపోతుందని ఈమెకు భయమేమో. అందుకే మమ్మల్ని గుప్పిట్లో పెట్టుకుందేమో. ఆమె శిష్యుణ్ణి కదా, ఆమెను మాత్రం ఎందుకు వదిలిపెట్టాలి?

ఇంతలో దేశమంతా తిరిగి పాడే పెద్ద బృందం ఒకటి హిందూపురంలో సభ పెట్టింది. వాళ్ల కంటే ముందు లోకల్ జట్టుగా మాకు రెండు పాటలు ఇచ్చారు. “బేగ ముగించండమ్మా. వాళ్ల టైము మీరు తినేసి నాకు మాట తేవద్దండి,” అని నిర్వాహకుడు స్టేజీ ఎక్కేదాకా వెంటపడ్డాడు. పెద్దమ్మ ఆ రోజు మాత్రం బుద్ధిగా టైముకు ముగించి, జనంలోకి పోయి కూర్చుంది.

పెద్ద బృందం సొంత బస్సులో వచ్చింది. ఒకే రంగు కోట్లు, సొంత లైట్లు, సొంత సౌండ్ బాక్సులు, కంప్యూటరు ముందు సౌండ్ మనిషి. పాట ఎక్కడ లేవాలో, ఎక్కడ తగ్గాలో గీత గీసినట్టుంది. అబద్ధం ఎందుకు, నా ఒళ్లు జలదరించింది. పక్కన పెద్దమ్మ మాత్రం పాడేవాళ్లను చూడటం లేదు. వాళ్ల డోలక్ మనిషినే చూస్తోంది. “వాడు మొగం తుడుచుకుంటాండాడు చూడు,” అంది. “చెమట పట్టింటాది పెద్దమ్మా, తుడుచుకోనీ,” అన్నాను.

సభ అయ్యాక ఆ బృందం నాయకుడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ల డోలక్ మనిషి మానేస్తున్నాడట, నా చెయ్యి నచ్చిందట, తమతో వస్తావా అన్నాడు. వాళ్ల మనిషి ఎందుకు మానేస్తున్నాడో అడగాలని నాకు తట్టలేదు. నేను నోరు తెరిచేలోగా పెద్దమ్మ అడ్డం వచ్చింది. “ఒక మాట చెప్పు నాయనా. మావాడు నడుమ చెయ్యి ఆపేస్తే మీ పాట ఆగుతాదా?”

ఆయన గర్వంగా నవ్వాడు. “ఆగదమ్మా. ఏం జరిగినా మా పాట ఆగదు.”

“అట్లనా,” అని పెద్దమ్మ నా వైపు తిరిగింది. “పోయి చూసిరా.”

నాకు ఒళ్లు మండింది. వీడు మధ్యలో చెయ్యి ఆపేసే రకం అని వాళ్ల చెవిన వేసి, నా నోటికాడి కూడు తీసేయాలని చూసిందని అనుకున్నాను. పోయి చూసిరా అన్న మాటలో కూడా ఎగతాళి వెతికాను. జీవితంలో పెనుకొండ కొండ తప్ప వేరే కొండ ఎక్కని నాకు, డోలక్ పట్టుకుని దేశం తిరగడమంటే మాటలా? వారం తిరక్కుండానే రైలెక్కాను. మా నాయన స్టేషన్ దాకా వచ్చాడు. పెద్దమ్మ రాలేదు.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. టైముకు అన్నం, శుభ్రమైన పడక, మర్యాదైన మాట. వేలమంది చేతులెత్తి పాడటం, భాష తెలియని ఊళ్లో ఒక పెద్దాయన కన్నీళ్లు పెట్టుకోవడం, అన్నీ చూశాను. ప్రతి ఊళ్లోనూ అందరికంటే ముందే స్టేజీ ఎక్కి, తాళ్లు బిగించి, డోలక్‌ను శ్రుతికి తెచ్చుకుని కూర్చునేవాణ్ణి. నన్ను చూసి సౌండ్ మనిషి నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

సముద్రం పక్కనున్న ఒక పెద్ద నగరానికి పోయినప్పుడు కథ అడ్డం తిరిగింది. మా సీమ గాలికి డోలక్ చర్మం ఎప్పుడూ బిగువుగానే ఉంటుంది. ఆ తేమకు అది తడిసిన గోనెసంచి మాదిరి జారిపోయింది. ఎంత బిగించినా మొద్దుగా పలుకుతోంది. పరువు పోయిందిరా దేవుడా అనుకుంటూ మొదటి దెబ్బ వేశాను. బాక్సుల్లోంచి మాత్రం మా ఊరి ఎండలో ఆరబెట్టిన డోలక్ పలికినట్టు ఖణేలుమని వచ్చింది.

నాకు అనుమానం వచ్చింది. కొంచెం ఆలస్యంగా కొట్టి చూశాను. బాక్సుల్లో ఆలస్యం లేదు. అప్పుడు నెమ్మదిగా రెండు చేతులూ ఎత్తి, తొడల మీద పెట్టుకున్నాను. డోలక్ మోగుతూనే ఉంది. పాట నడుస్తూనే ఉంది. వేలమందిలో ఒక్కరూ నా వైపు చూడలేదు. సభ అయ్యాక నా మైకు వైరు పట్టుకుని తివాచీ కింద నుంచి స్టేజీ వెనక్కి పోయాను. చివర చుట్టచుట్టి పడేసి ఉంది. దేనికీ తగిలించలేదు.

సౌండ్ మనిషిని నిలదీశాను. కోస్తా వైపువాడు, మెత్తగానే చెప్పాడు. “ఊరూరికీ గాలి మారుద్ది, హాలు మారుద్ది బ్రదర్. పాట మారకూడదు కదా. అందుకే ముందే రికార్డు చేసి పెట్టుకుంటాం. మీరు కెమెరాలో చాలా బాగా కనపడుతున్నారు.” ఆ మాట నన్ను కొట్టినట్టు ఇంకేదీ కొట్టలేదు. కొన్నాళ్లకు ఇంటి దారి పట్టాను.

ధర్మవరంలో దిగి నేరుగా పెద్దమ్మ ఇంటికి పోయాను. ఒళ్లో చీర పెట్టుకుని కుచ్చులు కడుతోంది. “వచ్చినావా?” అంది. “వచ్చినా,” అన్నాను. ఉండబట్టలేక అడిగాను. “నీకు హిందూపురంలోనే తెలుసు కదా?”

“తెల్దు. అనుమానపడితి. వాడు రెండు చేతులా మొగం తుడుచుకుంటాంటే డోలక్ మోగుతానే ఉండె.”

“మరి చెప్పలేదేం?”

“చెప్పింటే నమ్మింటావా? ముసల్ది కుళ్లుకుంటాండాది అనుకోనుంటావు.”

నిజమే, అలాగే అనుకునేవాణ్ణి. ఉక్రోషంతో వాళ్లను మోసగాళ్లన్నాను. పెద్దమ్మకు కోపం వచ్చింది. చేతిలో పని పక్కన పెట్టింది. “ఆ మాట అనొద్దు. వాళ్లకు రేపు ఇంగో ఊరు. పాటను చెడిపోకుండా అంత దూరం మోసుకపోవల్ల. మనకు రేపు కూడా ఇదే ఊరు. ఆ నల్లమాడ ముసలామె దగ్గినప్పుడు నేను ఆగకుండా పాడేసి వస్తే, పొద్దున్నే సంతలో ఆమె మొగం ఎట్ల చూసేది? పెద్ద జట్టుకూ మనకూ తేడా ఆడుండాది. గొంతులో కాదు.”

మళ్లీ పని అందుకుని, తల ఎత్తకుండానే, “సముద్రం ఎట్లుంటాదిరా?” అని అడిగింది. చెప్పాను. “దాని పక్కన పాడితే గొంతు వినపడతాదా?” అని మళ్లీ అడిగింది. ఆ గొంతులో ఏదో ఆశ తగిలింది నాకు. ఆమెకూ పోవాలని ఉండేదేమో. పోగలిగి ఉండి కూడా మా ముసలివాళ్ల కోసం ఆగిపోయిందేమో. అడగాలంటే నోరు రాలేదు. ఈ ఒక్క అనుమానం తీర్చకుండానే వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె చివరిదాకా ఆమె పక్కనే డోలక్ కొట్టాను. కొట్టిన ప్రతి దెబ్బా నాదే. తప్పులు కూడా నావే. వాటికి ఆమె పెట్టిన చీవాట్లు ఇప్పుడు తలచుకుంటే తీపిగా ఉన్నాయి.

భూస్థాపన రోజు ధర్మవరం సమాధుల తోటలో జనం పట్టలేదు. కనగానపల్లి నుంచి, రామగిరి నుంచి, నల్లమాడ వైపు పల్లెల నుంచి చేను పనులు వదిలి వచ్చారు. బొట్లు పెట్టుకున్నవాళ్లు, పెట్టుకోనివాళ్లు కలిసి నిలబడ్డారు. చర్చిలో కీబోర్డు వాయించే అతను నా దగ్గరికి వచ్చి, “అన్నా, ఈ పొద్దు నీ చేతులు ఆడవేమో. ఫోన్లో మ్యూజిక్కు ఉండాది, స్పీకరు తెచ్చినా. పెట్టేద్దామా?” అన్నాడు. మంచి మనసుతోనే అడిగాడు. వద్దన్నాను. ఆడతాయో లేదో నాకూ తెలియదు. అయినా వద్దన్నాను.

పాట రెండో చరణం దాకా బాగానే నడిచింది. పెద్దమ్మ పెట్టెను తాళ్ల మీద గుంతలోకి దించుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. తాత వేళ్లు హార్మోనియం మీదే నిలిచిపోయాయి. అక్కలిద్దరూ ఆగారు. వెనకాల ఒక్కొక్క గొంతూ ఆగింది. కొట్టప్పా అని ఎవరూ అనలేదు. నన్ను వదిలేసి ఎవరూ ముందుకు పాడలేదు. మన్ను వేయడానికి వంగినవాళ్లు పిడికిళ్లు మూసుకుని మళ్లీ లేచి నిలబడ్డారు. వేళ్ల సందుల్లోంచి ఎర్రమన్ను కొంచెం కొంచెం రాలుతుంటే, అంతమందీ నా చేతుల వైపే చూస్తూ, ఎంతసేపైనా సరే అన్నట్టు ఆ ఎండలో నిలబడ్డారు.