జతకు ఒకే మార్కు

పత్రిక డెస్కులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి, మా ఎడిషన్ మూతపడ్డాక మాదాపూర్‌లోని ఒక కంపెనీలో చేరాను. మనుషులు ఫోనుతో మాట్లాడిన మాటలను యంత్రం సరిగా రాసిందో లేదో విని దిద్దడం అక్కడ పని. తెలుగు విభాగంలో మేం కొద్దిమందిమే. విలేఖరుల కాపీ దిద్దిన చేతికి యంత్రం కాపీ దిద్దడం కష్టమనిపించలేదు. రెండేళ్లు బాగానే గడిచాయి. తర్వాత తెలుగు పని తగ్గుతూ వచ్చి, ఒక సోమవారం పూర్తిగా ఆగిపోయింది.

మేనేజర్ మమ్మల్ని గాజు గోడల గదిలో కూర్చోబెట్టి, ఇటలీ నుంచి కొత్త క్లయింట్ వచ్చారని చెప్పాడు. ఇటాలియన్ తెలిసినవాళ్లు ఊళ్లో దొరకడం లేదట, దొరికినా మా జీతాలకు రారట. తెలుగు మాటల్లాగే ఇటాలియన్ మాటలూ అచ్చులతో ముగుస్తాయి కనుక మాకు తొందరగా పట్టుబడుతుందని పైవాళ్లు నిర్ణయించారు. తెలుగు 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అని చిన్నప్పుడు బడిలో అందరం విన్న ఒక పొగడ్త మీద ఎవరో ఏకంగా ప్రాజెక్టు కట్టేశారు. కొన్ని నెలల శిక్షణ, చివర వీడియోలో మౌఖిక పరీక్ష. పాసైనవాళ్లు కొత్త ప్రాజెక్టులోకి వెళ్తారు. ఇటలీ గడియారం ప్రకారం పని కాబట్టి మధ్యాహ్నం మొదలై రాత్రి తొమ్మిది దాటేదాకా షిఫ్టు. పాస్ కానివాళ్లను వెంటనే రిలీవ్ చేసి ఇంటికి పంపేస్తారు.

నాకు యాభై దాటాయి. ఇంట్లో నా జీతం ఒక్కటే. ఈ వయసులో ఇంటర్వ్యూకి పిలిచేవాళ్లు లేరని పత్రిక మూతపడినప్పుడే తెలిసింది. అందుకని మరునాడే కూకట్‌పల్లిలో రెండు వందల పేజీల పుస్తకం కొనుక్కుని బడిపిల్లాడిలా వెళ్లి కూర్చున్నాను.

మొదటి వారం అచ్చుల మాట నిజమే అనిపించింది. రెండో వారంలో క్రియలు వచ్చాయి. శిక్షణ ఇచ్చేవాడు కొన్నేళ్లు ఇటలీలో ఉండి వచ్చిన పుణె యువకుడు. వెళ్లడం అనే క్రియను గాజు గోడ మీద మార్కర్‌తో రాశాడు. నేను అయితే వాదో, నువ్వు అయితే వాయ్, అతను అయితే వా. ఇంతవరకు ఒక ఇంటివాళ్లలాగే ఉన్నారు. మేము అనేసరికి అందియామో, మీరు అనేసరికి అందాతే. వాళ్ల దగ్గరికి వచ్చాక మళ్లీ వాన్నో. ఇదంతా వర్తమానమే. చేయడం అనే క్రియ వర్తమానంలో ఫాచ్చో, పాత కథల్లో చెప్పే భూతకాలంలో ఫేచీ. నేను ఫేచీ, నువ్వు ఫచేస్తీ, అతను ఫేచే. ఎందుకలా అని అడిగితే, కారణాలు వెతికితే నెలలు సరిపోవు, బట్టీ పట్టమన్నాడు.

అన్నిటికన్నా నన్ను చుట్టుకున్నది సందేహానికి, కోరికకు, భయానికి వాడే రూపాల వరస. మా డెస్కులో నిర్ధారణ కాని వార్త చివర 'సమాచారం' అనో 'అని తెలుస్తోంది' అనో తగిలించి చేతులు దులుపుకునేవాళ్లం. ఇటాలియన్‌వాళ్లు ఆ సందేహాన్ని క్రియ కడుపులోనే పెడతారు. అతను వస్తాడు అనడానికి ఒక రూపం, వస్తాడేమో అనుకుంటున్నాను అనడానికి ఇంకోటి. ఆ గదిలో కూర్చుని అద్దంలోంచి కింద ఫ్లైఓవర్ మీద ఆగిపోయిన బైకులవాళ్లను చూస్తుంటే, వాళ్లకూ నాకూ తేడా ఏసీ ఒక్కటే అనిపించేది.

నా పక్క సీటు అమ్మాయిది సిద్దిపేట వైపు. ముప్పై దాటి ఉంటాయి. పుప్పాలగూడలో కిరాయికి ఉంటారు. భర్త ఒక షోరూంలో పనిచేస్తాడు. నాలుగేళ్ల పాప. మా అందరిలో క్రియలు ముందుగా పట్టింది ఈ అమ్మాయే. ఎక్కాలు అప్పజెప్పినట్టు రాగం తీస్తూ నేర్చుకునేది. మధ్యాహ్నం కింద టీ బండి దగ్గర నాచేత అప్పజెప్పించేది. నేను తడబడితే గ్లాసు పట్టుకున్న చేత్తోనే గాలిలో తాళం వేసి, మొదటి అక్షరం అందించేది. మిగతాది నా నోట్లోంచి దానంతట అదే వచ్చేది. సార్ పదిసార్లు దిద్దిచ్చుకుంటే గానీ చెయ్యి తిరగదు అని టీ పోసే ఆయనతో నామీద చాడీలు చెప్పేది. ఆయన నవ్వి నా గ్లాసులో ఇంకొంచెం పోసేవాడు.

పరీక్ష పద్ధతి చివరి నెలలో తెలిసింది. ఇద్దరిద్దరుగా కూర్చోవాలి. స్టేషనో, దవాఖానో ఒక సందర్భం ఇస్తారు, అందులో ఇద్దరూ మాట్లాడుకోవాలి. తమతో మాట్లాడే కాల్స్‌లో ఒకరినొకరు ఆదుకోగలరో లేదో చూడటానికి క్లయింట్ పెట్టిన పద్ధతి అది. జతకు ఒకే మార్కు. పాసైతే ఇద్దరూ, తప్పితే ఇద్దరూ. సీట్ల వరస ప్రకారం మా ఇద్దరినీ జత చేశారు. నాకు గుండెల మీంచి బరువు దిగింది. ఆమె ముఖంలో మాత్రం రంగు మారింది. ఆ మధ్యాహ్నం టీ బండికి కాస్త ఎడంగా నన్ను పిలిచింది.

"సార్, ఒక ముచ్చట. ఎవ్వరికి చెప్పకుండ్రి. నాకు వేరే కంపెనీల ఆఫర్ వచ్చింది. మా ఇంటి పక్కనే. పొద్దున పోతే ఆరింటికల్ల పాప దగ్గరుంట."

మంచిదే కదమ్మా అన్నాను.

"ఏం మంచిది? వచ్చే నెల ఒకటో తారీఖుకే రావాలన్నరు. ఈడ రాజీనామా ఇస్తే నోటీసని మూడు నెలలు కదలనియ్యరు. ఫెయిలైతేనేమో వాళ్లే తోలేస్తరు. నేను ఫెయిల్ గావాలె, మీరు పాస్ గావాలె. గా రెండూ ఒక్క కుర్చీల ఎట్ల కూసుంటయ్ సార్?"

జత మార్చమని ఇద్దరం కలిసి శిక్షకుణ్ని అడిగాం. కారణం చెప్పలేదు. ఏవో సాకులు చెప్పాం. పేర్లు క్లయింట్‌కు వెళ్లిపోయాయని, ఇక మారవని అన్నాడు. మేనేజర్‌తో నిజం చెప్పే వీలు లేదు. చెబితే ఆమె ఆఫర్ సంగతి బయటపడుతుంది. ఇంతకాలం పత్రికలో ఎన్నో జీవితాల చిక్కుముళ్లు మూడు కాలాల్లో సర్దినవాణ్ని, నా పక్క సీటుది సర్దలేకపోయాను.

తర్వాతి రోజుల్లో ఏం చేసినా తప్పే అయ్యేలా ఉండేది. అప్పజెప్పించుకోవడం మానేస్తే, నీకోసం తప్పుతానని నేను మాటిచ్చినట్టు అవుతుంది. ఇంకా గట్టిగా చదువుదామంటే, నాకోసం ఆ ఉద్యోగం వదులుకోమని అడిగినట్టు. ఆమె చదువు ఆపితే నన్ను మునిగిపొమ్మన్నట్టు. కాబట్టి ఇద్దరం ఏమీ జరగనట్టు ఆ వరసలే వల్లించుకున్నాం. వాదో, వాయ్, వా. ఆమె తాళం వేసేది, నేను అందుకునేవాణ్ని. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. టీ పోసే ఆయన ఏంది సార్ లొల్లి గిట్ల అయిందా అని కూడా అడిగాడు.

పరీక్ష రోజు వీడియోలో అవతల కళ్లజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ. మాకు రైల్వేస్టేషన్ వచ్చింది. నేను రైలు తప్పిపోయిన ప్రయాణికుణ్ని, ఆమె కౌంటర్‌లో ఉద్యోగి. నమస్కారాలు, ఊరి పేర్లు అయ్యాయి. మొదట్లో ఆమె కావాలనే ముక్తసరిగా మాట్లాడుతున్నట్టు నాకు అర్థమైంది. ఆమె హక్కు అది, అనుకున్నాను. ఇంతలో పెద్దావిడ కలగజేసుకుని, మీరు వేళకు వచ్చి ఉంటే ఏం జరిగి ఉండేదో ఆమెకు వివరించండి అంది.

జరగనివాటి వరస అది. నేను ముందురోజు రాత్రి చదివి పడుకున్నదే. నోరు తెరిచాను. ఒక్క అక్షరం రాలేదు. తెర మీద నా ముఖం నాకే కనిపిస్తోంది. ఆవిడ పెన్ను పైకెత్తింది.

పక్కనుంచి ఆమె గొంతు వినిపించింది. ముక్తసరి గొంతు కాదది, టీ బండి దగ్గరి గొంతు. అయ్యా, మీరు వేళకు వచ్చి ఉంటే ఈపాటికి బయలుదేరి ఉండేవారా అని అడిగింది. మా పత్రికలో కొందరు విలేఖరులు మాట పెగలని సాక్షిని ఇలాగే అడిగేవారు, జవాబంతా ప్రశ్నలోనే పెట్టి. నేను అవునని, ఆ మాటలనే నా వైపు తిప్పి చెప్పాను. ఇంకో ప్రశ్న వేసింది. ఇంటివాళ్లకు ముందే చెప్పి ఉంటే వాళ్లు ఎదురుచూసి ఉండేవారు కాదు కదా? కాదు, ఎదురుచూసి ఉండేవారు కాదు. అలా నన్ను మెట్టు మెట్టుగా దింపి చివరిదాకా తీసుకెళ్లింది. పెద్దావిడ పెన్ను దించి నవ్వింది. మా జతకు అందరికంటే ఎక్కువ మార్కు వచ్చింది.

లిఫ్టు దగ్గర నేనే మాట తీశాను. ఊరుకోవాల్సిందమ్మా అన్నాను.

"మీరు గట్ల గుడ్లప్పగించి కూసుంటే ఎట్ల ఊకుంట సార్? ఊకుంటే ఇద్దరం పోతుంటిమి. నాకైతె ఇంకో కొలువుండె. మీకేముండె?"

కోపంగా అనలేదు. టీ బాకీ గుర్తు చేసినట్టు అంది. లిఫ్టు వచ్చింది, ఎక్కేసింది. నేను మెట్ల మీదుగా దిగాను.

మరునాడు మేనేజర్ దగ్గరికి వెళ్లి, ఎవరి గురించో చెప్పకుండా, నోటీసు తగ్గించే వీలు ఎప్పుడైనా ఉంటుందా అని అడిగాను. అతను నాకు కాఫీ తెప్పించి, ఎవరి గురించో తెలిసినట్టే మాట్లాడాడు. అంత మార్కు తెచ్చినవాళ్లను ఎలా వదులుతామండీ అన్నాడు. మర్యాదస్తుడు. కాఫీ పూర్తయ్యేదాకా కుటుంబం గురించి అడిగాడు. ఒకటో తారీఖు వచ్చి వెళ్లింది. పుప్పాలగూడ కంపెనీ ఆ సీటు ఇంకెవరికో ఇచ్చింది. కొత్త షిఫ్టులో ఆమె ఇంటికి చేరేసరికి పాప నిద్రపోయి ఉండేది.

ఇక్కడ ఉద్యోగాలు చూసిపెట్టేవాళ్లు ఫోను చేస్తే ముందు అడిగేది నోటీసు ఎంత అని. మూడు నెలలంటే మళ్లీ చేస్తామని పెట్టేస్తారు. అందుకని కొందరు చేతిలో ఏ ఆఫరూ లేకుండానే రాజీనామా పెట్టేస్తారు. గడువు కరగడం మొదలైతే అప్పుడు ఎవరైనా మాట్లాడతారని. పిల్లల తండ్రులు చేయరు ఆ పని, పెళ్లికాని కుర్రాళ్లు చేస్తారు. ఆమె చేసింది. నాతో కూడా చెప్పలేదు, పంపాక చెప్పింది. ఇంట్లో భర్తతో కొన్నాళ్లు మాటల్లేవట. అత్తగారు మాత్రం పాపను ఎత్తుకుని వంటింట్లోకి వెళ్తూ, మంచిగ చేసినవ్ అని గొణిగిందట.

వెనక్కి తీసుకోమని మేనేజర్ రెండుసార్లు పిలిచాడు. తీసుకోలేదు. గడువు ముగిసేదాకా కొత్త బ్యాచ్‌కు క్రియలు నేర్పమని అదే గాజు గదిలో వేశాడు. నా సీట్లోంచి ఆమె కనిపిస్తుంది, చేయి ఊపుతూ, వరసలు పాడిస్తూ. మధ్యలో ఫోను మోగుతుంది. మార్కర్ ఎవరికో ఇచ్చి మెట్ల వైపు నడుస్తుంది. తలుపు మూసుకునే లోపు ఆమె గొంతు వినిపిస్తుంది, "ఆఁ, నోటీసులనే ఉన్న, చెప్పండ్రి" అని. కొన్నిసార్లు వెంటనే తిరిగి వస్తుంది. ఈసారి మాత్రం ఆలస్యమైంది. నేను హెడ్‌సెట్ సర్దుకుని, ఎక్కడో ఇటలీలో ఎవరో తన ఫోనును అడిగిన ప్రశ్న విన్నాను. యంత్రం సరిగానే రాసింది. సరే అని నొక్కి తర్వాతిది తెరిచాను. మెట్ల తలుపు ఇంకా తెరుచుకోలేదు.