మిషన్లు ఆగిన రోజు చూసిన ఇల్లు

సీలేరు కాలనీకి మా ఆయనకి బదిలీ అయినప్పుడు రెండు క్వార్టర్లు చూపించారు. ఏది కావాలో నన్నే తేల్చమన్నారాయన. గుట్ట మీది దానికి మెట్లెక్కాలి. కింది దానికి జామచెట్టుంది, పక్కనే పవర్‌హౌస్. ఆ రోజు మరమ్మతుకని మిషన్లు ఆపేశారు. వరండాలో నిలబడితే పిట్టల అరుపులు తప్ప ఏమీ వినపడలేదు.

పక్కింటావిడ గోడ మీంచి చూసి, "రేపు మిషన్లు తిరిగినాక ఓసారి ఇనమ్మా. బేగి ఒప్పీసుకోకు" అంది.

నాకు ఒళ్లు మండింది. రైలుగేటు పక్కన పుట్టి పెరిగినదాన్ని, చప్పుడు సంగతి నాకు చెప్పేదేమిటి అనుకుని ఆ సాయంత్రమే సామాన్లు దింపించాను.

మర్నాడు మిషన్లు తిరిగాయి. రైలైతే వెళ్ళిపోతుంది. ఇది వెళ్ళలేదు. గిన్నెల మూతల్లో, మంచం కోళ్ళలో, నా పళ్ళలో అదే రొద. క్వార్టరు మార్చమంటే గుట్ట మీదిది ఎవరికో ఇచ్చేశామన్నారు. వానాకాలమంతా ఘాట్‌రోడ్డు మీద కొండచరియలు పడి బస్సులూ లేవు. తలుపులు బిగించుకుని కూర్చుని, పుట్టింటికి పోతే కంటినిండా నిద్రపోతానని రోజూ అనుకునేదాన్ని. ఆ నిద్ర ఎంత హాయిగా ఉంటుందో నాకు ముందే తెలిసినట్టుండేది.

వేసవిలో వెళ్ళాను. రైళ్ళు లేని మధ్యాహ్నం వేళ అమ్మ చాప వేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ఎంత దొర్లినా కన్ను మూతపడలేదు. చివరికి లేచి, వంటింట్లో గ్రైండర్లో ఇన్ని నీళ్ళు పోసి స్విచ్ వేసి, దాని పక్కనే చాప పరుచుకున్నాను.

అమ్మ పరుగున వచ్చింది.

"ఏటే, ఈ ఏళప్పుడు ఏటి రుబ్బుతన్నావు?"

"ఏమీ లేదమ్మా. పడుకుంటున్నాను."