సున్నా స్థానంలో ఫోటో

తిరుపతి రైల్వే స్టేషన్ వెనక వీధిలో ఒక ఫోటో స్టూడియో ఉండేది. కొండ మీద తలనీలాలిచ్చి దిగివచ్చినవాళ్లు గుండుకు గంధం పూసుకుని, గోపురం బొమ్మ గీసిన తెర ముందు నిలబడి ఫోటో దిగేవాళ్లు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆ స్టూడియో యజమాని తన పాత నెగటివ్‌లన్నీ స్కాన్ చేయించాడు. వాటికి వెబ్ పేజీలు తయారుచేసే పని నాకు దొరికింది. పేరు కొట్టినా, ఊరు కొట్టినా ఫోటోలు రావాలి. బటన్ నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి కదలాలి. అప్పట్లో ఈ పని నేర్పే మనిషి మా ఊళ్లో దొరికేవాడు కాదు. పేజీని నడిపే స్క్రిప్టు నెట్‌లో ఎవరో రాసిపెట్టింది తెచ్చుకోవడం, అది మొరాయిస్తే దానితో కుస్తీ పట్టడం, అంతే.

ఒక మధ్యాహ్నం స్టూడియోలోనే కూర్చుని ఆ పేజీలు సరిచూసుకుంటుంటే ఐరాల నుంచి ఒకామె వచ్చింది. భర్త పోయి ఏడాది కావస్తోందట. సంవత్సరీకానికి గోడకు పెట్టుకుందామంటే ఇంట్లో ఫోటో లేదట. ఉన్న ఒక్కటీ వానకు కప్పు కారి పాడైపోయిందట.

“మొక్కు తీర్చుకోను వచ్చినప్పుడు ఈడే దిగినాడప్పా. మా సిన్నదానికి వాళ్ల నాయన మొగం గ్యాపకం లేదు” అంది.

యజమాని ఇబ్బందిగా కదిలాడు. “నెగటివులు లేవమ్మా, వాటిల్లోంచి వెండి తీసేవాళ్లకు అమ్మేసినాను. ఏమన్నా ఉంటే ఆ కంప్యూటర్లోనే ఉండాల” అని నా వైపు చూశాడు.

ఆయన పేరేమిటని అడిగాను. ఆమె తల వంచుకుంది.

“కొండ మీది సామి పేరే నాయనా.”

మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. మనిషి పోయినా ఆ కట్టుబాటు పోలేదు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. ఆ సామికి ఎన్ని పేర్లు, ఒక్కో పేరుకు ఎన్ని తోకలు! మా జిల్లాలో సగం మంది మగవాళ్లది ఆ పేరే. ఎంతో ముచ్చటపడి తయారుచేసిన నా వెతికే పెట్టె ఆమె ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది. పేరు వదిలేసి ఊరు కొట్టాను.

ఐరాల ఫోటోలు వరుసగా వచ్చాయి. అన్నీ గుండ్లే. అందరూ అన్నదమ్ముల్లాగే ఉన్నారు. ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుని ఒక్కొక్కరినీ నిదానంగా చూసి తల అడ్డంగా ఊపుతోంది. కొంతసేపటికి నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. బటన్ నొక్కిన ప్రతిసారీ ఈసారైనా ఆయనే అయితే బాగుండునని నేనూ అనుకుంటున్నాను. చివరి ఫోటో వచ్చింది. బటన్ ఇక కదలలేదు.

“అయిపోయినాయా?”

“అయిపోయాయమ్మా.”

ఆమె లేచి సంచీ అందుకుంది. “పోనీలే నాయనా, నీ పని సెడగొట్టినాను” అంది. ఆ మాట నన్ను బాగా బాధపెట్టింది. మళ్లీ కంప్యూటరు తెర వైపు చూశాను. చివరి ఫోటో కింద ఉన్న అంకె, పేజీ పైన చూపిన మొత్తం ఫోటోల సంఖ్య కంటే ఒకటి తక్కువగా ఉంది.

“అమ్మా, కొంచెం కూర్చోండి” అని స్క్రిప్టు తెరిచాను.

మనం ఒకటి నుంచి లెక్కపెడతాం. కంప్యూటరు సున్నా నుంచి పెడుతుంది. దాని వరుసలో మొదటి ఫోటో ఉండేది సున్నా స్థానంలో. నేను తెచ్చుకున్న స్క్రిప్టు ఒకటి దగ్గర మొదలవుతోంది. ఏ ఊరు కొట్టినా ఆ ఊళ్లో మొదటి మనిషిని దాటేసి పోతోంది. ఒకటి తీసేసి సున్నా పెట్టాను. ఆ ఒక్కరూ ఆయన కాకపోతే మళ్లీ ఆమె ముఖం ఎలా చూడాలి?

పేజీ తెరుచుకుంది. బక్కపలచటి మనిషి. గంధం చెవి మీదికి జారింది. బిగబట్టుకున్నా ఆగని నవ్వు.

“ఇదో, ఈడుండాడు” అంది ఆమె. ఏడవలేదు. చెయ్యి తెర దాకా తీసుకుపోయి, తాకకుండా ఆపుకుంది. ఎంత సైజు కావాలని యజమాని అడుగుతున్నా ఆమెకు వినపడలేదు. కాసేపటికి ఫోటో కింది అక్షరాలు చూపించింది.

“ఇదేమి రాసుండాది?”

“ఆయన పేరమ్మా.”

“సదువు నాయనా.”

ఇంటిపేరుతో సహా చదివాను. ఆమె కొంగు తల మీదికి లాక్కుని వింది.

“మా అత్త ఒక్కతే ఆ పేరు పెట్టి పిలస్తా ఉండె. ఆయన ఎనకాలే ఆమె గూడా పోయె. ఇంట్లో ఆ పేరు ఇనపడి ఏడాదాయె” అంది.

నేను ఆ అక్షరాల వైపు మళ్లీ చూశాను.

“ఇంకొక తూరి సదువు” అంది.